పదితలల రాజు గొంతు

సెప్టెంబరు 4

నాట్య కళాశాల జీపు దేచాను మా గుమ్మం ముందు దింపి, ఇంజను ఆపకుండానే వెళ్ళిపోయింది. విరిగిన కుర్చీని ఇంటికి తిప్పి పంపినట్టుంది. ఎడమ మోకాలికి కట్టు, చంకలో కర్ర, భుజాన గుడ్డసంచి. మా చెల్లెలు లమూన్ వాకిట్లోకి పరిగెత్తి మనవడిని పట్టుకుని ఏడ్చింది. వాడు ఏడవలేదు. "అమ్మమ్మా, ఆకలేస్తోంది" అన్నాడు.

వాడికి పంతొమ్మిదేళ్ళు. అందులో పదకొండేళ్ళు కోతివేషం తప్ప మరొకటి నేర్పలేదు. గాలిలో పల్టీ కొట్టి దిగుతుంటే మోకాలు పక్కకు తిరిగిందట. ఇక జన్మలో దూకకూడదని డాక్టరు చెప్పాడట. దూకని కోతితో కళాశాలకు ఏం పని?

ఇలా అవుతుందని వాడికి ఎనిమిదేళ్ళప్పుడే చెప్పాను. ఎవరూ వినలేదు. అయినా నాకు సంతోషంగా లేదు. ఇది నా డైరీ, ఇందులో అబద్ధం రాయాల్సిన పని లేదు. నాకు సంతోషంగా లేదు.

సెప్టెంబరు 5

గొంతులో జలుబు. అల్లం, తాటిబెల్లం వేసి కాచిన నీళ్ళు తాగాను.

సెప్టెంబరు 9

వాన. దేచా వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుని, బల్లులను చూస్తూ పొద్దు గడిపాడు. వాడిని చూస్తూ నేను ప్రయోంగ్‌ను తిట్టుకుంటూ గడిపాను.

ఆ రోజు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. కళాశాల తరఫున ప్రయోంగ్ మా ఊరికి పిల్లల్ని ఏరడానికి వచ్చాడు. ముసుగు నాట్యంలో నాలుగే దారులు: రాజకుమారుడు, రాణి, రాక్షసుడు, కోతి. ఒకసారి ఒక దారిలోకి తోశారా, చచ్చేదాకా అదే. ప్రయోంగ్ దేచా వేళ్ళు వెనక్కి వంచి చూశాడు, తొడ నొక్కాడు, గడ్డం పట్టుకుని ఇటూ అటూ తిప్పాడు. గేదెల సంతలో పళ్ళు చూసినట్టు. "కోతి" అన్నాడు. అంతే, తీర్పు అయిపోయింది.

"నాలుగేళ్ళు వాణ్ణి అన్నీ ఆడనివ్వు రా. ఒళ్ళు ఏది అడుగుతుందో అప్పుడు చూద్దాం" అన్నాను.

"నాలుగేళ్ళయితే తుంటి బిగుసుకుంటుంది. అప్పుడిక నీలాంటి బాతు తయారవుతాడు" అన్నాడు. అందరూ నవ్వారు. లమూన్ కూడా నవ్వింది.

బాతు అని నాకు పేరు పెట్టింది వాడే. నడుస్తుంది, ఈదుతుంది, ఎగురుతుంది, కూస్తుంది. ఒక్కటీ సరిగా రాదు. నేను తిరుగుడు బృందంలో పెరిగినవాణ్ణి. చిన్నప్పుడు రాణిగారి చెలికత్తెను. కాళ్ళు సాగాక కోతిని. భుజాలు వచ్చాక రాక్షసుణ్ణి. రాజకుమారుడికి మలేరియా వస్తే ఆ ఏడు ఆటల కాలమంతా రాజకుమారుణ్ణి. చివరికి రంగం పక్కన వాచకం చెప్పే పీట మీద కూర్చున్నాను. ముసుగు వేసుకున్నవాడు మాట్లాడలేడు. లోపల తోలుపట్టీని పళ్ళతో కొరికి పట్టుకుంటేనే ఆ ముసుగు కదలకుండా ఉంటుంది. రాజుకైనా కోతికైనా మాట పక్కనుంచి రావాల్సిందే. ప్రయోంగ్ జీవితమంతా పదితలల రాజుగా ఆడాడు, వాడి మాటలన్నీ నేను మాట్లాడాను. వాడు ఏడిస్తే ఆ ఏడుపు నాది. వాడు గర్జిస్తే ఆ గర్జన నాది. పూలదండలు మాత్రం ముసుగు మెడలో పడ్డాయి.

వైద్య గ్రంథాలు చదివాను, యుద్ధ చరిత్రలు చదివాను, చీనా వర్తకుల కథలు చదివాను. నదుల గురించి రాసిన మూడు సంపుటాలు కూడా వదల్లేదు. ప్రయోంగ్ చదివింది మందుసీసాల మీద కాగితాలే. కళాశాల వాడికి బంగారు పతకం ఇచ్చింది. నన్ను ఒక్కరోజు పాఠం చెప్పమని పిలవలేదు. దాని గురించి నాకు బాధ లేదు.

సెప్టెంబరు 21

గుడి పెద్దలు వచ్చారు. పోయిన పెద్ద భిక్షువుగారి దేహం ఆచారం ప్రకారం ఏడాది దాటి సభామండపంలో పెట్టెలోనే ఉంది. ఫిబ్రవరిలో దహనం. చితి వెలిగించేముందు సాయంత్రం ముసుగు నాట్యం ఉండాలని, అదీ పదితలల రాజు నగరానికి వీడ్కోలు చెప్పే ఘట్టమే ఉండాలని ఆయనే చెప్పి పోయారట. నాకు గుడి పుస్తకాల గది తాళంచెవి ఇచ్చిన మనిషి ఆయన. ఒప్పుకోకుండా ఎలా ఉంటాను?

రాజు వేషం ప్రయోంగ్ వేస్తాడట. "ఇదే ఆఖరు" అన్నాడట. వాడు ఆఖరు అనడం ఇది ఎన్నోసారో.

పెద్దలు వెళ్ళాక లమూన్ ఒంటికాలి మీద లేచింది.

"ఏ గొంతుతో చెబుతావన్నా? అన్నం పెట్టమని అడిగితే పక్కగదిలోకి వినపడట్లేదు."

"జలుబే. అప్పటికి తగ్గుతుంది."

"డాక్టరు నీకు చెప్పింది జలుబనేనా? నేను పక్కనే ఉన్నాను, మర్చిపోయావా?"

ఆడవాళ్ళు డాక్టరు మాటల్ని ఎప్పుడూ ఒక మెట్టు పెంచి వింటారు.

సెప్టెంబరు 22

లమూన్ ఎవరి ద్వారానో కబురు తెచ్చింది. కళాశాలలో వాచకం శాఖలో ఒక చోటు ఖాళీ ఉందట. దేచా వాచకం చెప్పగలిగితే వాడిని మళ్ళీ తీసుకుంటారట. వేరే పరీక్ష పెట్టరు, చితి ముందు ఆటలో వాడు చెబితే వచ్చి వింటారు. అక్కడ తప్పితే ఇక లేదు. రేవులో ఐసు ఫ్యాక్టరీ ఉంది. వాళ్ళ మామయ్య అక్కడ పని చూసి పెట్టాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తడినేల మీద నిలబడి ఐసుదిమ్మలు లాగడం. ఆ మోకాలితో.

"అన్నా, నీకు వచ్చిందంతా వాడికి ఇచ్చెయ్" అంది లమూన్. "పదకొండేళ్ళ కింద నీ మాట వినలేదు. ఇప్పుడు వింటున్నా."

పదకొండేళ్ళు ఈ మాట కోసం ఎదురుచూశానని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పిల్లవాడి భవిష్యత్తు కోసం ఒప్పుకున్నాను. ప్రయోంగ్ పాడు చేసిన దాన్ని నేను బాగు చేస్తే ఊరు ఏమనుకుంటుందో అది ఊరి ఇష్టం.

అక్టోబరు 3

పాఠం మొదలు. నా పద్ధతి ఇదీ: ముందు వాచకం లేదు. ముందు నాలుగు వేషాలూ. రాణి ఎలా నడుస్తుందో తెలియనివాడు రాణికి గొంతు ఎలా ఇస్తాడు?

రాణిలా నడవమన్నాను. వాడు కర్ర పక్కన పెట్టి, నాలుగు అడుగులు వేసి, ఐదో అడుగులో చంక గోక్కున్నాడు.

"అదేంట్రా?"

"చెయ్యి దానంతటదే వెళ్ళింది తాతయ్యా."

"రాణిగారికి చంకలో ఏం దురద?"

"అడవిలో ఉంది కదా, దోమలు" అన్నాడు.

లమూన్ వంటింట్లోంచి పగలబడి నవ్వింది. నేను నవ్వలేదు. కాస్త నవ్వాను.

అక్టోబరు 11

డప్పు నేర్పాను. దరువు బాగానే పట్టాడు గానీ ఆగినచోట తల టక్కున పక్కకు తిప్పుతాడు. కోతి తల. పొద్దున్నే సంతకు తీసుకెళ్ళి, చేపలమ్మే ఆమె గొంతు విను, అప్పులవాడి గొంతు విను, పిల్లను తప్పిపోగొట్టుకున్న తల్లి గొంతు విను అన్నాను. విన్నాడు. ఇంటికొచ్చి ముగ్గురినీ చేసి చూపించాడు. ముగ్గురు కోతులు.

పదకొండేళ్ళు ఒక్కచోట తవ్వారు. బావి కాదు, గొయ్యి తవ్వారు. వాడు అందులోంచి ఎక్కలేకపోతున్నాడు.

అక్టోబరు 12

జలుబు.

అక్టోబరు 30

రాజు వీడ్కోలు పద్యాలు మొదలుపెట్టాం. రాజు గుండెకాయను గురువు పెట్టెలో దాచి ఉంచుతాడు, అది భద్రంగా ఉన్నంతకాలం రాజుకు చావు లేదు. తెల్లకోతి వచ్చి, నీ కొడుకుగా ఉంటానని నమ్మించి, నాన్నా నాన్నా అని పిలిచి, ఆ పెట్టె కాజేస్తుంది. మర్నాడు యుద్ధభూమిలో పెట్టె చేతిలో పట్టుకుని ఎదురుగా నిలబడుతుంది. అప్పుడు రాజుకు తెలుస్తుంది. అప్పుడు నగరం వైపు తిరిగి వీడ్కోలు చెబుతాడు. ఆ చోట నా గొంతు విని మగవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకునేవారు.

దేచా చెప్పాడు. గొంతు ఉంది, శ్రుతి ఉంది. రాజు లేడు.

"సముద్రం మీంచి వస్తున్నట్టు చెప్పరా! నగరం ఎంత పెద్దదో గొంతులో కనపడాలి. అంతఃపురం, ఏనుగులు, గోపురాలు..."

"నేను ఆ నగరాన్ని చూడలేదు తాతయ్యా. తెల్లకోతిగా ఎప్పుడూ దానికి వీపు పెట్టి నిలబడేవాణ్ణి. నాకు రాజు మొహమే కనపడేది."

"అయితే ఇప్పుడు చూడు. నేను చెబుతున్నాగా."

"మీరు నాలుగు వేషాలూ వేశారు కదా."

"వేశాను."

"అందులో మీది ఏది?"

తలపొగరు. కర్ర అందుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ప్రశ్నలో అర్థం లేదు.

నవంబరు 14

ప్రయోంగ్ వచ్చాడు, చేతిలో మోకేంగ్ మిఠాయి పళ్ళెం. మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. కుర్చీలో కూలబడి రెండు తొడలూ నిమురుకున్నాడు, పెంపుడు కుక్కల్ని నిమిరినట్టు.

"ఏం బాతూ, గొంతు ఎక్కడ తాకట్టు పెట్టావ్?"

"జలుబు."

"జలుబా? పోయినేడు వచ్చిన జలుబేనా?" మిఠాయి ముక్క నోట్లో వేసుకున్నాడు. "పిల్లాడిని రోజూ నా దగ్గరికి పంపు. రిహార్సలుకి కొత్త కోతి వస్తున్నాడు, వాడి అడుగులు సరిచెయ్యాలి. వీడు కూర్చునే చెప్పొచ్చు."

"నువ్వు చేసిన నష్టం చాల్లేదా? మోకాలు పోయింది. మళ్ళీ ఆ కోతుల మధ్యనే కూర్చోబెడతావా?"

"మోకాలు పోయిందిరా, కోతి పోలేదు. నువ్వు దాన్ని కూడా పీకేస్తున్నావ్. అది తీసేస్తే వాడిలో ఇంకేం మిగుల్తుంది?"

"మనిషి మిగుల్తాడు."

"ఏ మనిషి? అన్నీ కాస్త కాస్త తెలిసిన మనిషా? అలాంటివాళ్ళు రేడియోలో బోలెడు మంది."

"ఒకే వేషం ఒకే చోట పట్టుకుని వేలాడితే ఏమవుతుందో వాడి కాలే చెబుతోంది."

"ఏమవుతుందో నా కాలు కూడా చెబుతోంది" అన్నాడు ప్రయోంగ్. "ఇంకా నిలబెడుతోంది."

పంపనన్నాను. వెళ్ళేటప్పుడు మెట్లు ఒక్కొక్కటే దిగాడు, రెండు చేతులూ గోడకు ఆనించి. ఆ కాళ్ళేనా మాట్లాడేది?

మిఠాయి బాగుంది. పళ్ళెం తిరిగి పంపాలి.

నవంబరు 15 – 27

ఏమీ రాయలేదు.

నవంబరు 28

దేచా మధ్యాహ్నాలు గుడి దగ్గర లైబ్రరీకి వెళుతున్నానని చెబుతున్నాడు. పుస్తకాలు పట్టుకునే వెళుతున్నాడు. చదువు మొదలైంది. నా పద్ధతి పట్టుబడుతోంది. వాచకంలో ఇంకా తేడా లేదు గానీ లోపల ఏదో కదులుతోంది.

డిసెంబరు 6

లైబ్రరీ రంగు వేయడానికి పోయిన నెలనుంచి మూసేసి ఉందట. లమూన్‌కు తెలుసు. నాకే తెలియదు.

డిసెంబరు 7

ప్రయోంగ్ ఇంటి వెనక సందులోంచి వెళ్ళాను. కావాలని కాదు, అటు చెప్పులు కుట్టేవాడు ఉన్నాడు. వెదురు తడికలోంచి చూశాను. కొత్త కోతి ఎండలో కాళ్ళు మడిచి గెంతుతున్నాడు. దేచా స్టూలు మీద కూర్చుని చప్పట్లతో దరువు వేస్తూ, "భుజం కాదు, ముందు మెడ! కోతి ముందు చూస్తుంది, తర్వాత భయపడుతుంది, తర్వాత దూకుతుంది. నువ్వు మూడూ ఒకేసారి చేస్తున్నావ్" అంటున్నాడు. మా ఇంట్లో ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడలేదు.

తర్వాత ప్రయోంగ్ పదితలల ముసుగు తెచ్చి దేచా తలకు పెట్టాడు. రాక్షసుడి ముసుగు కోతి తల మీద! మా రోజుల్లో అయితే పూలు, కొవ్వొత్తులు పెట్టి గురువుకు మొక్కకుండా తాకనిచ్చేవారు కాదు. నిబంధనలు నిబంధనలని ప్రాణం తీసే మనిషి, పెరట్లో, ఉతికిన లుంగీలు ఆరేసిన తీగ కింద.

చెప్పులు కుట్టేవాడు లేడు.

డిసెంబరు 8

అడిగేశాను. "లైబ్రరీలో ఏం చదివావ్?"

తల దించుకున్నాడు. "తడిక అవతల మీ తెల్లగొడుగు కనపడింది తాతయ్యా."

"ముసుగులో ఏం నేర్పాడు మహాగురువు?"

"ఏం నేర్పలేదు. పట్టీ కొరికి ఊపిరి పీల్చమన్నారు. కళ్ళకు చిన్న చిల్లులు, కాళ్ళు కనపడవు. చెవుల్లో మన ఊపిరే. బయటి మాట సగమే వస్తుంది." కర్రతో నేల మీద గీత గీశాడు. "మీ పద్యపాదాలు చాలా పొడుగట. పట్టీ కొరుకుతూ అంతసేపు ఆ భంగిమలో ఊపిరి చాలదట. ఆయన బిగబట్టుకుని నిలబడేవారట, మీ పద్యం అయ్యేదాకా."

"నాతో ఎప్పుడూ అనలేదే!"

"ముసుగు తీశాక కోపం పోయేదట."

ఇక్కడ రాస్తున్నాను: అది అబద్ధం. వాడి చెయ్యి లేచాకే నేను మాట ఎత్తేవాణ్ణి, చెయ్యి దిగాకే ఆపేవాణ్ణి. నా కళ్ళు ఎప్పుడూ వాడి మీదే ఉండేవి. ఎక్కువగా వాడి మీదే ఉండేవి. జనం మీద కూడా కాస్త ఉండేవి.

జనవరి 10

పాఠం మానేస్తానని లమూన్‌తో అన్నాను.

"మానెయ్. వాణ్ణి ఐసు ఫ్యాక్టరీకి పంపుతా. నువ్వూ ప్రయోంగూ గెలవండి, ఎవరో ఒకరు."

పొద్దున్నే లేచి దేచాను లేపాను. పద్యాలు మొదటినుంచి.

జనవరి 29

వాచకంలో తేడా వచ్చింది. ఎలా వచ్చిందో చెప్పలేను. రాణి గొంతు రాణిలా ఉంది. సంతలో చేపలమ్మే ఆమె విసుగు తెచ్చి రాజు రెండో భార్య నోట్లో పెట్టాడు. నేను చెప్పలేదు, నాకు ఎన్నడూ తట్టలేదు. అంటే నా సంత పనికొచ్చింది. ఇది రాసి ఉంచాలి.

రాజు గొంతు మాత్రం నేను చెప్పినట్టు చెప్పడం లేదు. చిన్నగా చెబుతున్నాడు. పెద్దది చెయ్యమన్నాను. పొద్దున పెద్దది చేస్తాడు, సాయంత్రానికి మళ్ళీ చిన్నదైపోతుంది.

ఫిబ్రవరి 16

రేపే. నేను వాడి వెనక పీట మీద కూర్చుంటాను. ఎక్కడైనా తడబడితే అందుకోవడానికి. నా దగ్గర ఏ సందర్భానికైనా సరిపోయే పద్యాలున్నాయి. వాన పడితే పద్యం ఉంది, కరెంటు పోతే పద్యం ఉంది, కోతి కిరీటం ఊడితే కూడా ఉంది. ఒకటో రెండో పలకడానికి గొంతు చాలు.

ఫిబ్రవరి 18

నిన్న రాయలేకపోయాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, రేపు ప్రయోంగ్ వేరేగా చెప్పుకు తిరుగుతాడు గనక.

ఎండ తగ్గాక మొదలైంది. తెల్ల చితి, దాని ముందు గడ్డి మీద చాపలు పరిచిన రంగం. ముందువరుసలో భిక్షువులు. పక్కన కళాశాల వాళ్ళు, వాచకం శాఖ పెద్ద తెల్లచొక్కాలో. లమూన్ జనంలో ఎక్కడో ఉంది. దేచా మైకు ముందు, కాలు చాపుకుని. నేను వెనక.

ప్రయోంగ్ వచ్చాడు. చెప్పక తప్పదు, ఆ ముసుగులో వాడికి వయసు లేదు. నేను రాక్షసుడిగా ఆడిన రోజుల్లో కాళ్ళు వంచి నిలబడేవాణ్ణి. వాడు నిలబడితే నేల వాడి కిందికి వచ్చి చేరినట్టుంటుంది. అలా నాకు ఒక్కరోజు కూడా రాలేదు.

కొత్త కోతి పెట్టె ఎత్తి పట్టుకుని ఎదురుగా నిలిచాడు. దేచా రాజు గొంతు ఎత్తాడు. చిన్నగా. నాకు ఒళ్ళు మండింది. ఇంత జనంలో, ఇంత బయట, ఆ గొంతు ఎవరికి వినపడుతుంది? జనం ముందుకు వంగారు, పిల్లలు కూడా. అప్పుడు నాకు అర్థమైంది, అది గోపురాల మీంచి నగరానికి చెప్పే గొంతు కాదు. మూడడుగుల దూరంలో నిలబడినవాడికి వినపడే గొంతు. చంపడానికి వచ్చినవాడి చెవికి వినపడినట్టు చెబుతున్నాడు. రోజూ వాడు అక్కడే నిలబడేవాడు, ఆ పెట్టె పట్టుకుని. నేనేమో పీట మీంచి విన్నాను ఎప్పుడూ.

నాలుగో పాదంలో రాజు ఒక మోకాలి మీదకు దిగి, నగరానికి చేతులు జోడించి లేవాలి. ప్రయోంగ్ దిగాడు. చేతులు జోడించాడు. లేవలేదు.

మద్దెలవాడు దరువు ఒకసారి తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. ముసుగు కదలదు, నవ్వే కోరలు అలాగే నవ్వుతున్నాయి. జనానికి తెలియదు. నాకూ ముందు తెలియలేదు, వాడు ఘట్టాన్ని సాగదీస్తున్నాడనుకున్నాను. దేచాకు తెలుసు. వాడు చూస్తున్నది ముసుగుని కాదు, ఎడమచేతి చిటికెన వేలిని. అది వణుకుతోంది.

నాకు పద్యం వచ్చేసింది. రాజు పూర్వజన్మలు తలుచుకునే పద్యం, ఎంతసేపైనా లాగొచ్చు. ముందుకు వంగి మైకు దగ్గరికి నోరు పెట్టాను.

దేచా వెనక్కి చూడకుండా అరచేత్తో మైకు మూసేశాడు. నా నోటి ముందు.

తర్వాత చెయ్యి తీసి, కోతి గొంతుతో మాట్లాడాడు. పద్యం కాదు, మాట.

"నాన్నా."

కొత్త కోతి ఉలిక్కిపడ్డాడు. ఆ చోట కోతికి మాట లేదు.

"దొంగగా వచ్చి పిలిచిన పిలుపే. వేరే పిలుపు నా దగ్గర లేదు. గుండె నా చేతిలో ఉంది, అయినా నిన్ను మోకాలి మీద చంపను. లే నాన్నా. నా భుజం పట్టుకో. నిలబడి పో."

పీట మీంచి వచ్చిన మాటను రంగం మీది ఒళ్ళు చెయ్యాల్సిందే. మా అన్ని నిబంధనలకూ తల్లి నిబంధన అది. ఆ పిల్లవాడు ముందు చూశాడు, తర్వాత భయపడ్డాడు, తర్వాత ఒక్క గెంతులో వెళ్ళి, పెట్టె చంకలో ఇరికించుకుని, భుజం ఇచ్చాడు. పదితలల రాజు తనను చంపేవాడి భుజం పట్టుకుని లేచాడు. లేచి, ఆ చెయ్యి తియ్యలేదు. అలాగే ఆనుకుని నగరం వైపు తిరిగాడు. దేచా మళ్ళీ రాజు గొంతు అందుకుని మిగతా పాదం పూర్తి చేశాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందువరుసలో ముసలి భిక్షువు ఒకాయన ఉత్తరీయంతో ముక్కు తుడుచుకున్నాడు. తర్వాత చితి వెలిగించారు.

రంగం వెనక ముసుగు తీశాక ప్రయోంగ్ పెదవి మీద రక్తం. తోలుపట్టీ రెండు ముక్కలుగా కొరికేశాడు. వాచకం శాఖ పెద్ద అక్కడికే వచ్చాడు.

"అది పద్యం కాదే! ఏ ప్రతిలోనూ లేదు. కోతి పైకి లేపడమేంటి రాక్షసరాజుని? రేపు పిల్లలంతా నోటికొచ్చింది మాట్లాడితే?"

"ఆ మాట లేకపోతే నేనింకా అక్కడే ఉండేవాణ్ణి బాబూ" అన్నాడు ప్రయోంగ్. "చితి ఎలాగూ రడీగా ఉందని, నన్ను కూడా పెద్ద భిక్షువుగారి పక్కన సర్దేసేవాళ్ళు."

ఆయన నవ్వకూడదనుకుని నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "మీరేమంటారు గురువుగారూ?"

ఆ కళాశాలవాళ్ళు నన్ను గురువుగారూ అనడం మొదటిసారి. చెప్పడానికి చాలా ఉంది. ఏ చోట శ్రుతి జారిందో, ఏ పాదంలో దీర్ఘం మింగాడో, మైకు మూసిన అమర్యాద సంగతేమిటో. గొంతు రాలేదు. తల ఊపాను. ఏ అర్థంలో ఊపానో నాకే తెలియదు, ఆయన ఔనని తీసుకున్నాడు.

వాడిని తీసుకున్నారు.

ఫిబ్రవరి 20

లమూన్ మూడుసార్లు సంచి సర్దింది. దేచా నాకు సాష్టాంగపడలేకపోయాడు, మోకాలు మడవదు. కూర్చుని చేతులు జోడించి నుదుటికి ఆనించుకున్నాడు.

"మైకు మూశాను. క్షమించండి తాతయ్యా."

"నా పద్యం నీ మాట కన్నా మంచిది."

"తెలుసు" అన్నాడు. "పొడుగు కదా, ఆయన అప్పటిదాకా ఆగలేరు."

ఫిబ్రవరి 21

పొద్దున బస్టాండుకు వెళ్ళాం. ప్రయోంగ్ కూడా వచ్చాడు, రెండు చేతికర్రలతో. పిలవలేదు. లమూన్ రాలేదు, ఏడవడం ఇంట్లోనే చేసుకుంటానంది. దేచా బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. డ్రైవరు టీ తాగుతున్నాడు.

"మొత్తానికి వాడిని మనిషిని చేశాను" అన్నాను.

"నువ్వా?" అన్నాడు ప్రయోంగ్. "వాడు చూసింది నా చిటికెన వేలిని. ఏళ్ళ తరబడి దాని ఎదురుగా నిలబడ్డాడు గనక చూశాడు. నీ రాణినడక నేర్చినందుకు కాదు."

"వేలు చూసి ఊరుకుంటే నువ్వు లేచేవాడివా? మాట కావాలి. మాట ఎక్కడిది? కోతికి నోరు ఇచ్చిందెవరు?"

"ఆ నోరు కోతిదే! కోతి తప్ప ఇంకెవరైనా రాజుని నాన్నా అనేవాళ్ళా? నువ్వయితే పూర్వజన్మలు ఎత్తుకునేవాడివి."

"ఆ సంగతి నీకెవరు చెప్పారు?"

"నీ గురించి నాకు ఒకరు చెప్పాలా? నీ పూర్వజన్మలు ఎన్నిసార్లు మోకాలి మీద విన్నాను!"

"అయితే నాలుగు గొంతులూ? సంతలో చేపలామె? అది కూడా నీ వేలు నేర్పిందా?"

"అది వదిలెయ్. చేపలామె బాగుంది. ఒప్పుకుంటాను. కానీ వాడికి ఒక గట్టి నేల ఉంది గనక, దాని మీద నిలబడి నీ చేపల్ని పట్టుకున్నాడు. నేల నాది."

"నేల మీదే కూర్చోబెట్టేవాడివి, నేను లేకపోతే. పల్టీలు కొట్టే పిల్లల్ని చూస్తూ చప్పట్లు కొట్టుకునేవాడు."

"నేను లేకపోతే నీలాగా..." అని ఆగాడు. ఏమనబోయాడో నాకు తెలుసు. అనలేదు. ముసలితనంలో వాడికి అంతమాత్రం బుద్ధి వచ్చింది.

"అను" అన్నాను.

"ఎందుకులే. మనిద్దరిలో ఎవరో ఒకరే వాడికి దొరికి ఉంటే ఏమయ్యేవాడో..." అని మొదలుపెట్టి, బస్సు వైపు తిరిగాడు.

బస్సు లేదు. అది నిలబడిన చోట నేల మీద నూనె మరక, టీకొట్టు బల్ల మీద డ్రైవరు తాగి పెట్టిన గ్లాసు. రోడ్డు మలుపు దాకా దుమ్ము కూడా అణిగిపోయింది.

ఇద్దరం కాసేపు ఆ మరకను చూశాం.

"చెయ్యి ఊపాడా?" అని ప్రయోంగ్ అడిగాడు. "నేను అటు తిరిగి ఉన్నాను."

"ఊపాడు. ఇద్దరికీ" అన్నాను.

నేను చూడలేదు.